మేకప్ సర్టిఫికెట్ కోసం అమ్మ గాజులు తాకట్టు పెట్టాలా?

ఈ వారం ఉత్తరం బోడుప్పల్ నుంచి వచ్చింది. పేరు రాయొద్దన్నారు. వయసు 27. బీకాం చదివి ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నారు. పెళ్లయి మూడేళ్లు. రెండేళ్ల కిందట ఆడపడుచు ఎంగేజ్‌మెంట్‌కి వస్తానన్న మేకప్ ఆవిడ ఆఖరి నిమిషంలో ఫోన్ ఎత్తకపోతే, వేరే దారి లేక ఈమే చేశారట. అందరికీ నచ్చింది. అప్పటి నుంచి శని, ఆదివారాల్లో చుట్టాలకీ, చుట్టాల చుట్టాలకీ కలిపి 14 ఫంక్షన్లు చేశారు. ఓణీల ఫంక్షన్లు, సీమంతాలు, రిసెప్షన్లు, నాలుగు పెళ్లిళ్లు. ఫంక్షన్‌కి 6,000 తీసుకుంటున్నారు. ఉద్యోగం మానేసి ఇదే పనిగా పెట్టుకోవాలని ఉంది. ఎప్పటికైనా టీవీ సీరియల్స్‌కి కూడా చేయాలని కోరిక.

ఇంతలో నాగోల్‌లో ఒక పెళ్లి. పెళ్లికొడుకు మేనత్తగారు నలుగురిలో "ఎక్కడ నేర్చుకున్నావమ్మా? సర్టిఫికెట్ ఉందా?" అని అడిగారు. యూట్యూబ్ చూసి అని చెప్పడానికి నోరు రాలేదు. ఆ మర్నాడే సిటీలో ఒక పేరున్న అకాడమీకి వెళ్లారు. మూడు నెలల కోర్సు, ఫీజు 1,80,000, జీఎస్టీతో కలిపి 2,12,400. చివర్లో "ఇంటర్నేషనల్ సర్టిఫికెట్" ఇస్తారట. "పని వచ్చుగా, మళ్లీ లక్షలెందుకు?" అని భర్త. "నా గాజులు నాలుగు తులాలు ఊరికే బీరువాలో ఉన్నాయి, తాకట్టు పెట్టి కట్టు" అని అమ్మ. స్నేహితురాలి సలహా ఇంకోటి: "8,000 పెట్టి రెండు రోజుల మాస్టర్‌క్లాసుకి వెళ్లు, వాళ్లూ సర్టిఫికెట్ ఇస్తారు, ఫ్రేము కట్టించి ఇన్‌స్టాలో పెట్టేయ్."

ఉత్తరం చివర్లో ఆరు లైన్లున్నాయి. మొన్న మాఘంలో చేసిన ఒక రిసెప్షన్ గురించి. అద్దంలో బాగానే కనిపించిన పెళ్లికూతురు ఫోటోల్లో ముఖం పిండి పూసినట్టు తెల్లగా, మెడ నల్లగా వచ్చిందట. ఆమె ఒక ఫోటో పంపి "ఏంటక్కా ఇది?" అని మెసేజ్ పెట్టింది. ఈమె బదులివ్వలేదు. రావాల్సిన 3,000 కూడా అడగలేదు.

అమ్మా, మీ ఉత్తరం మూడు పేజీలు. రెండున్నర పేజీలు సర్టిఫికెట్ గురించే రాశారు. నాకు మాత్రం ఆ ఆరు లైన్ల దగ్గరే చూపు ఆగిపోయింది. దాని దగ్గరికి వస్తాను. ముందు మీరు అడిగినదానికి జవాబు.

మన దేశంలో మేకప్ చేయడానికి లైసెన్సు అక్కర్లేదు. డాక్టరుకీ, వకీలుకీ ఉన్నట్టు "ఈ పట్టా లేకపోతే పని చేయరాదు" అనే చట్టం ఈ పనికి లేదు. షాపు తెరిచి బోర్డు పెడితే మున్సిపాలిటీ నుంచి ట్రేడ్ లైసెన్సు తీసుకోవాలి. అది షాపుకి, మీ చేతికి కాదు. ఇంటికెళ్లి, ఫంక్షన్ హాలుకెళ్లి చేసేవాళ్లకి అదీ లేదు. కాబట్టి ఇన్నాళ్లూ మీరేదో దొంగతనంగా చేస్తున్నట్టు ఫీలవ్వకండి.

నేను నారాయణగూడలో 22 ఏళ్లు పార్లర్ నడిపాను. నా డిప్లొమాకి ఫ్రేము కట్టించి కౌంటరు వెనక గోడకి తగిలించాను. అన్నేళ్లలో దాని ముందు నిలబడినావిడ నాకు గుర్తున్నంతవరకు ఒక్కరే. ఆవిడ కూడా ఆ ఫ్రేము అద్దంలో చూసుకుని బొట్టు సరిచేసుకుని వెళ్లారు. వచ్చినవాళ్లు అడిగినవి వేరు. "మా పక్కింటి అమ్మాయికి చేసింది మీరేనా?", "చెమటకి కారిపోతుందా?", "నాలుగింటికి ముహూర్తమైతే వస్తారా?"

మరి మేనత్తగారు ఎందుకడిగారు? పెళ్లికొడుకు తరఫు పెద్దలకి అడగడానికి ఏదో ఒకటి కావాలి. మీ దగ్గరికొస్తే సర్టిఫికెట్ అడుగుతారు, వంటాయన దగ్గరికెళ్తే పప్పులో ఉప్పు అడుగుతారు. ఇంకోసారి ఎవరైనా అడిగితే తడుముకోకండి. "కోర్సు చేయలేదండీ, రెండేళ్లుగా చేస్తున్నాను, ముందు ఒక ట్రయల్ చేసి చూపిస్తాను" అనండి. ట్రయల్‌కి వెయ్యో పదిహేను వందలో తీసుకోండి, బుకింగ్ ఖాయమైతే అందులో తగ్గించండి. మీకు డబ్బిచ్చేది పెళ్లికూతురు. ఆమె ముఖం మీద మీ పని ఆమె ముందే చూసుకుంటే మేనత్తగారి ప్రశ్న అక్కడితో సరి.

కానీ ఆ ప్రశ్న మిమ్మల్ని అంత గట్టిగా పొడిచింది ఎందుకంటే, అప్పటికే మాఘంలో రిసెప్షన్ ఫోటోలు మీ ఫోన్‌లో ఉన్నాయి. నాకు పని నిజంగా వచ్చా అని మీకే అనుమానం. సర్టిఫికెట్ ఉంటే ఆ అనుమానం పోతుందనుకుంటున్నారు.

ఆ రోజు ఏం జరిగి ఉంటుందో చెప్తాను. మీరు వాడిన ఫౌండేషన్ మీద ఎస్‌పీఎఫ్ అంకె ఉందేమో చూడండి. ఎండ నుంచి కాపాడే క్రీముల్లో, ఫౌండేషన్లలో చాలావాటిలో జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉంటాయి. అవి వెలుతురుని తిప్పి కొడతాయి. పగలు పెళ్లిలో ఇబ్బంది లేదు. రాత్రి రిసెప్షన్‌లో ఫ్లాష్ సూటిగా పడితే ఆ వెలుతురంతా తిరిగి కెమెరాలోకే వెళ్తుంది. దాని మీద సిలికా ఉన్న హెచ్‌డీ పౌడర్ ఎక్కువగా అద్దారంటే అయిపోయినట్టే. అద్దంలో ఏ తేడా కనిపించదు, ఫోటోలో పిండి బొమ్మ. దీన్ని పనివాళ్లు ఫ్లాష్‌బ్యాక్ అంటారు. మందు చాలా సులువు. పెళ్లికూతుర్ని స్టేజీ మీదికి పంపేముందు గదిలో లైటు తగ్గించి, మీ ఫోన్‌లో ఫ్లాష్ వేసి ఒక ఫోటో తీయండి. తెల్లగా వస్తే పౌడర్ దులిపి, తడి స్పాంజితో అద్ది సరిచేయండి. ఐదు నిమిషాల పని.

మెడ నల్లగా రావడం ఇంకో తప్పు. దీంట్లో సగం మీదైతే సగం ఇంట్లోవాళ్లది. "కొంచెం తెల్లగా చెయ్యమ్మా" అని ఎవరో అని ఉంటారు. అనకుండా ఉండే పెళ్లి నేనింకా చూడలేదు. వాళ్ల మాట విని చామనఛాయ అమ్మాయికి రెండు షేడ్లు తెల్లటి ఫౌండేషన్ పూస్తే తెలుపు రాదు, బూడిద రంగు వస్తుంది. షేడ్‌ని దవడ అంచున, మెడ మీదికి వచ్చేలా గీసి, కిటికీ దగ్గర వెలుతురులో చూడాలి. ఎక్కడ గీత కనిపించకుండా కలిసిపోతుందో అదీ ఆమె షేడు. నలుగు పెట్టి, మంగళస్నానం చేయించిన రోజైతే చర్మం ఇంకా పసుపు పట్టే ఉంటుంది, అప్పుడు షేడు మోసం చేస్తుంది. అందుకే ట్రయల్ ఆ హడావుడికి వారం ముందే చేయాలి. మూతి చుట్టూ, కళ్ల కింద నలుపుకి ముందు నారింజ రంగు కరెక్టర్ పల్చగా అద్దితే, పైన ఫౌండేషన్ సగం చాలు.

ఇదంతా ఎందుకు రాశానంటే, మీకు తెలియనివి ఇలాంటివే ఒక ఏడెనిమిది ఉంటాయి. వాటిలో ఏది మీకు ఎక్కడ, ఎంతకి దొరుకుతుందో లెక్క వేయాలి. మీరు అకౌంట్స్ మనిషి కదా.

2,12,400 లెక్క చూద్దాం. మీరు 6,000 తీసుకుంటున్నారు. క్యాబ్, సామాను, సేఫ్టీ పిన్నులు, పూలు పోను మీకు 4,000 మిగులుతుందనుకుందాం. ఆ ఫీజు తిరిగి రావాలంటే 53 ఫంక్షన్లు చేయాలి. రెండేళ్లలో మీరు చేసినవి 14. ఇదే వేగంతో అయితే ఏడున్నరేళ్లు, గాజుల మీద వడ్డీ వేరే. కోర్సు అయ్యాక రేటు పెంచొచ్చు కదా అంటారు. పెంచొచ్చు. కానీ రేటు పెరిగేది కోర్సు చేసినందుకు కాదు, కోర్సులో మీ చేయి తిరిగినందుకు. అక్కడ మీ చేయి ఎంత తిరుగుతుందో కట్టేముందే తెలుసుకోండి.

అందుకని ఆ అకాడమీకి ఇంకోసారి వెళ్లి కౌన్సిలర్‌తో కాకుండా, ఇప్పుడు చదువుతున్న పిల్లలతో టీ బండి దగ్గర మాట్లాడండి. బోర్డు మీద పేరున్న మేడమ్ ఎన్ని రోజులు వస్తారు, మిగతా రోజులు ఎవరు చెప్తారు? బ్యాచ్‌లో ఎంతమంది? మూడు నెలల్లో ఒక్కొక్కరు ఎన్ని ముఖాలు చేస్తారు? ముఖాలంటే పక్క సీటు అమ్మాయి ముఖం కాదు. మచ్చలున్నవి, ముడతలున్నవి, మొటిమలున్నవి, నలుపువి. మూడు నెలలూ ఒకరికొకరు చేసుకుంటే ఇరవై రెండేళ్ల నున్నటి చర్మం మీద అందరూ ఆర్టిస్టులే. కిట్ ఫీజులో ఉందా, బయట కొనాలా? మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారు? ఇది మాత్రం కాగితం మీద రాయించుకోండి.

ఆ "ఇంటర్నేషనల్" అనే మాట గురించి కూడా. నిజంగా విదేశీ సంస్థలు ఇచ్చే డిప్లొమాలు ఉన్నాయి. సిడెస్కో అనే సంస్థ 1946లో మొదలైంది, దాని ఆఫీసు స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఉంది. అలాంటిదైతే పరీక్ష పెట్టేవాళ్లు బయటి నుంచి వస్తారు, ఏయే స్కూళ్లకి గుర్తింపు ఇచ్చారో వాళ్ల వెబ్‌సైట్‌లోనే వెతికి చూసుకోవచ్చు. మీ అకాడమీ సర్టిఫికెట్ మీద ఎవరి పేరుంటుందో అడగండి. అకాడమీ పేరు చివర వాళ్లే "ఇంటర్నేషనల్" అని తగిలించుకుని ఉంటే, ఆ కాగితం అకాడమీ గుమ్మం దాటాక ఎవరికీ ఏమీ చెప్పదు. కంప్యూటర్ కోర్సులకి పేరుపడ్డ మైత్రీవనం చుట్టూ పెరిగిన తరానికి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అమీర్‌పేటలో కోర్సు సర్టిఫికెట్లు ఫైలు నిండా ఉన్నవాడికీ, కూర్చోబెడితే ప్రోగ్రాం రాసేవాడికీ తేడా మీ ఇంట్లోనే ఎవరికో ఒకరికి తెలిసి ఉంటుంది.

అన్నీ అడిగాక జవాబులు బాగుంటే, ముఖ్యంగా రోజూ కొత్త ముఖం చేతికి ఇస్తారంటే, ఆ కోర్సు చెడ్డదని అనను. క్రమం తప్పకుండా మూడు నెలలు చేస్తే వచ్చే నైపుణ్యం ఒంటరిగా రావడానికి రెండేళ్లు పడుతుంది. చేరేట్టయితే క్యాలెండర్ కూడా చూసుకోండి. ఆషాఢంలోకో, మూఢంలోకో కోర్సు ముగిస్తే చేతికి పని ఉండదు, వడ్డీ మాత్రం నడుస్తుంది. ఆషాఢానికి ముందు చేరి శ్రావణానికి బయటపడేలా చూసుకునేవాళ్లు తెలివైనవాళ్లు.

రెండో దారి సీనియర్ దగ్గర అసిస్టెంటుగా వెళ్లడం. నన్నడిగితే మీ ఉత్తరానికి దగ్గరగా ఉన్నది ఇదే. ఎందుకంటే ఉద్యోగం మానక్కర్లేదు, పెళ్లిళ్లు ఎక్కువగా రాత్రుళ్లూ, వారాంతాలూ. తెల్లవారుజామున మూడున్నరకి ముహూర్తమంటే రాత్రి పదకొండుకే హాల్లో ఉండాలి. ఆవిడ ముఖం చేస్తుంటే మీరు జడ అల్లాలి, చీర కుచ్చిళ్లు పట్టాలి, ఇద్దరు తోడికోడళ్లకి లైట్ మేకప్ వేయాలి, మధ్యలో ఎవరో కాఫీ తెస్తే అది చీర మీద పడకుండా చూడాలి. బాసికం తాడు నుదుటి మీద ఫౌండేషన్‌ని చారలా లేపేస్తుందనీ, హోమం పొగకి కళ్లు నీళ్లు కారతాయనీ, అప్పగింతల ముందు ఇంకో టచప్ పెట్టాలనీ ఏ కోర్సులో చెప్తారు? అక్కడ నిలబడితేనే తెలుస్తాయి.

దీనికీ ఓ ఖరీదుంది. డబ్బు తక్కువ ఇస్తారు, కొందరు మొదట్లో ఏమీ ఇవ్వరు. మీ పనిని ఆవిడ తన పేజీలో తన పేరుతో పెట్టుకుంటారు. ఆ క్లయింట్లకి మీ నంబరు ఇవ్వకూడదు. ఇస్తే ఆవిడ మిమ్మల్ని మళ్లీ పిలవరు, న్యాయంగా పిలవక్కర్లేదు కూడా. ఏ ఫోటోలు వాడుకోవచ్చో, రోజుకి ఎంతో ముందే మాట్లాడుకోండి. మొహమాటపడితే ఏడాది తిరిగేసరికి ఉచితంగా పెట్టెలు మోసిన బాధే మిగులుతుంది.

కాగితం కావాలి, ఖర్చు వద్దు అనుకుంటే ప్రభుత్వం వైపు చూడండి. ఐటీఐల్లో కాస్మెటాలజీ ట్రేడ్ ఉంది. ఏడాది చదువు, పదో తరగతి పాసైతే చాలు. ఏడాది పగలంతా వెళ్లాలి కాబట్టి మీ ఉద్యోగంతో పొసగదు. ప్రభుత్వ శిక్షణ సంస్థ సెట్విన్‌లో బ్యూటీషియన్ కోర్సులు తక్కువ ఫీజుకి చెప్తారు. వెళ్లి సమయాలు కనుక్కోండి. పని ముందే వచ్చినవాళ్లని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కూడా స్కిల్ ఇండియా కింద ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. మీలాంటివాళ్ల కోసమే అది. ఇవి ఫ్యాషన్ మేకప్‌లో మిమ్మల్ని గొప్పగా తీర్చిదిద్దుతాయని నేను చెప్పను. కాగితం మీద ప్రభుత్వ ముద్ర ఉంటుంది, గాజులు బీరువాలోనే ఉంటాయి.

8,000 మాస్టర్‌క్లాసుకి వెళ్తానంటే వెళ్లండి, కానీ నేర్చుకోవడానికి వెళ్లండి. వందమంది కుర్చీల్లో కూర్చుని స్టేజీ మీద ఒక మోడల్‌కి మేకప్ వేస్తుంటే చూడటం సినిమా చూడటమే. మీ బ్రష్ మీరు పట్టుకునే క్లాసైతే ఆలోచించండి. ఆ సర్టిఫికెట్‌ని ఫ్రేము కట్టించి "సర్టిఫైడ్ ఆర్టిస్ట్" అని పెట్టుకోవడం మాత్రం మీ స్నేహితురాలికే వదిలేయండి. దాన్ని చూసి వచ్చిన పెళ్లికూతురి ఫోటోలు మళ్లీ తెల్లగా వస్తే, అప్పుడు అడిగేది మేనత్తగారు ఒక్కరే కాదు.

సీరియల్స్ కథ వేరు. అక్కడ అడిగేది కోర్సు సర్టిఫికెట్ కాదు, యూనియన్ కార్డు. చారు ఖురానా అనే ఆవిడ అమెరికాలో సినిమా మేకప్ స్కూల్లో చదివి వచ్చారు. ముంబైలో మేకప్ ఆర్టిస్టుల సంఘం ఆమెకి కార్డు ఇవ్వలేదు. కారణం ఆమె ఆడమనిషి కావడం. ఆడవాళ్లు హెయిర్ మాత్రమే చేయాలి, మేకప్ మగవాళ్ల పని అన్నది వాళ్ల రూలు. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2014 నవంబరులో కోర్టు ఆ రూలు చెల్లదని చెప్పింది. అంతటి డిప్లొమా ఉండీ ఆమె ఏళ్లకేళ్లు గుమ్మం బయటే ఉన్నారు. హైదరాబాద్‌లోనూ మేకప్ వాళ్లకి యూనియన్ ఉంది. మీకు నిజంగా ఆసక్తి ఉంటే కృష్ణానగర్ వైపు ఆ పని చేసేవాళ్లెవరినైనా పట్టుకుని, మెంబర్‌షిప్‌కి ఏం కావాలో అడగండి. "మా దగ్గర కోర్సు చేస్తే సినిమాల్లో ఛాన్స్" అని అకాడమీ అంటే, ఆ మాటనీ రాసివ్వమనండి.

కాగితం నిజంగా పనికొచ్చే చోట్లు లేకపోలేదు. పెద్ద సెలూన్ చైన్‌లోనో, కాస్మెటిక్ కంపెనీ కౌంటర్‌లోనో ఉద్యోగం కావాలంటే అడుగుతారు. రేపు మీరే పదిమందికి నేర్పాలనుకుంటే మీరెక్కడ నేర్చుకున్నారని అడుగుతారు. విదేశాలకి వెళ్తే తప్పదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఈ పనులకి లైసెన్సు కావాలి, అదీ అక్కడి గంటల లెక్కన చదివి, అక్కడి పరీక్ష రాస్తేనే. ఇక్కడి సర్టిఫికెట్ నేరుగా చెల్లుబాటు కాదు. మీ ఉత్తరంలో వీటిలో ఒక్కటీ లేదు. ఉంటే ఇంకో ఉత్తరం రాయండి, జవాబు మారుతుంది.

ఏ దారి పట్టినా శుభ్రత విషయంలో మాత్రం బేరం లేదు. మస్కారా బ్రష్ ఒకరి కంటికి తగిలింది ఇంకొకరికి వాడకండి, వాడి పారేసేవి చవగ్గానే దొరుకుతాయి. లిప్‌స్టిక్ గీకి పళ్లెంలో తీసుకోండి. పెట్టుడు రెప్పలు అంటించే లాష్ గ్లూ కొత్తదైతే ఒకరోజు ముందు చెవి వెనక చుక్క పెట్టి చూడండి. సామాను బేగంబజార్‌లో కొన్నా బంజారాహిల్స్‌లో కొన్నా బిల్లు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ చూడండి.

మీ ఇంటి మాట. మీ ఆయన "పని వచ్చుగా" అన్నది మెచ్చుకోలో, డబ్బు గురించి టెన్షనో మీకే తెలియాలి. 53 ఫంక్షన్ల లెక్క ఆయన ముందు పెట్టి కూర్చోండి, వాదన సగానికి తగ్గుతుంది. అమ్మ గాజులకి ఆరు నెలలు గడువు పెట్టండి. ఈ ఆరు నెలల్లో ఉద్యోగం మానకుండా అసిస్టెంటుగా వెళ్లండి. చుట్టాల్లోనే ఇరవై ముఖాలు ఎంచుకోండి. మంగు మచ్చలున్న పిన్ని, మొటిమలున్న మేనకోడలు, అమ్మమ్మ. ప్రతి ముఖాన్నీ కిటికీ దగ్గర, ట్యూబ్‌లైటు కింద, ఫ్లాష్‌తో మూడు ఫోటోలు తీయండి, ఆరు గంటల తర్వాత ఇంకోటి. ఇరవై అయ్యాక మీకే తెలుస్తుంది ఎక్కడ తప్పుతోందో. అప్పుడు ఆ తప్పుతున్న దానికి మాత్రమే డబ్బు కట్టి నేర్చుకోవచ్చు. లేదు, మొత్తం కోర్సే కావాలనిపిస్తే గాజులు అప్పటికీ బీరువాలోనే ఉంటాయి కదా.

ఇక ఆ రిసెప్షన్ పెళ్లికూతురు. ఆమె మెసేజ్‌కి ఇవాళే బదులివ్వండి. మెసేజ్ వద్దు, ఫోన్ చేయండి. ఏం తప్పు జరిగిందో ఇందాక నేను చెప్పిన మాటల్లోనే చెప్పండి. ఫోటోగ్రాఫర్‌తో మాట్లాడి ఆల్బమ్‌కి వెళ్లే ఓ పది ఫోటోల్లో రంగు సరిచేయించండి, ఆయన అడిగింది మీరిచ్చుకోండి. ఆ 3,000 మర్చిపోండి. పుట్టింటివాళ్లు ఆమెకి ఒడిబియ్యం పోసే రోజున వచ్చి ఊరికే మేకప్ చేస్తానని చెప్పండి. ఆమె వద్దంటే వద్దనే అంటుంది. సరేనంటే మాత్రం ఆ రోజు ఫ్లాష్ ఫోటో తీయకుండా గదిలోంచి బయటికి పంపకండి.